కారవాన్‌లో కో-డైరెక్టర్

2023 ఏప్రిల్‌లో, పదవీ విరమణకు ఏడాదిన్నర ముందు, మా సూపరింటెండెంట్ గారు నన్ను ఫిల్మ్‌నగర్‌లోని ఒక ఇంటికి విచారణకు పంపారు. నేను ప్రభుత్వ మానసిక వైద్యశాలలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. ఈ పేరు వినగానే చాలామంది నేనేదో పుణ్యానికి సేవ చేస్తున్నాననుకునేవారు. జీతం తీసుకునే చేశాను. డాక్టర్ రోగిని చూస్తాడు, మేం రోగి ఇంటిని చూస్తాం. అన్నం ఎవరు పెడుతున్నారు, మాత్ర ఎవరు మింగిస్తున్నారు, డిశ్చార్జ్ చేస్తే ఎవరు తీసుకెళ్తారు అన్నది తేల్చడం మా పని. మందు రాసే అధికారం మాకు లేదు. ఇంటి విచారణ నివేదిక మీద సంతకం మాత్రం మాదే. కోర్టు అడిగితే నిలబడి జవాబు చెప్పాల్సిందీ మేమే.

నా సర్వీసులో ఎక్కువ భాగం పాత చట్టం కిందే గడిచింది. అప్పట్లో బంధువు దరఖాస్తు పెట్టి, ఇద్దరు డాక్టర్లు సర్టిఫికెట్ ఇస్తే మనిషిని లోపల చేర్చేవారు. తీసుకొచ్చే పద్ధతి అంతకన్నా అన్యాయం. పెళ్ళికి పోదామని, యాత్రకు పోదామని చెప్పి, కొత్త బట్టలు తొడిగి మరీ ఆటో ఎక్కించేవాళ్ళు. 2018లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఇదంతా మార్చింది. ఇష్టం లేని మనిషిని చేర్చుకోవాలంటే కారణం చూపాలి. దానికి గడువుంటుంది. రోగుల హక్కులు చూసే రివ్యూ బోర్డుకు తెలియజేయాలి. ఎక్కడికి, ఎందుకు తీసుకెళ్తున్నామో రోగికి చెప్పాలి. మా డాక్టర్లు కొందరు కాగితాల చాకిరీ పెరిగిందని విసుక్కున్నారు. నేను మాత్రం ఆ చట్టాన్ని నెత్తిన పెట్టుకున్నాను.

ఫిల్మ్‌నగర్ ఇంటి గురించి ఫిర్యాదు చేసింది ఆ ఇంట్లో వంట చేసే యాదమ్మ. రహమత్ నగర్ నుంచి వచ్చి రెండు పూటలా వండి పోతుంది. "గాయన గా బండిలనే ఉంటుండు సార్, తాళమేసి పెట్టిన్రు. కాలు కుళ్ళిపోతున్నది, జర చూడుండ్రి," అని స్టేషన్‌లో చెప్పింది. మానసిక రోగిని ఇంట్లో హింసిస్తున్నారనో, పట్టించుకోవడం లేదనో తెలిస్తే పోలీసులు మేజిస్ట్రేట్‌కు నివేదించాలి. ఎస్సై నర్సింహ నివేదించాడు. రోగిని తన ముందు హాజరుపరచమని, వెంట ఆస్పత్రి వాళ్ళు ఒకరుండాలని మేజిస్ట్రేట్ ఆదేశించారు. అలా ఆ పని నా మీద పడింది.

ఇల్లు ఫిల్మ్‌నగర్‌కు వెనకవైపు, షేక్‌పేటకు దిగే సందులో ఉంది. పక్కనే ఖాళీ స్థలంలో నాలుగు కారవాన్లు నిలబెట్టి ఉన్నాయి. షాట్‌కీ షాట్‌కీ మధ్య నటులు కూర్చోవడానికి మంచం, అద్దం, ఏసీ, బాత్‌రూమ్ అమర్చిన బస్సులవి. ఇంటి యజమాని శివప్రసాద్ వాటిని షూటింగులకు అద్దెకిస్తాడు. గోడవారగా ఇంజన్ పోయిన పాతదొకటి ఉంది. దాని తలుపుకు బయట తాళం. లోపల ఉన్నది శివప్రసాద్ అన్న, భాస్కరరావు.

భాస్కరరావు ముప్పై ఏళ్ళు కో-డైరెక్టర్‌గా పనిచేశాడు. డైరెక్టర్ తర్వాత సెట్‌లో అందర్నీ నడిపించేది కో-డైరెక్టరే. జూనియర్ ఆర్టిస్టులను నిలబెట్టడం, రోడ్డు మీద షూటింగైతే ట్రాఫిక్ ఆపించడం, అన్నీ సిద్ధమయ్యాక హీరో కారవాన్ తలుపు తట్టి "షాట్ రెడీ సార్" అని పిలవడం ఆయన పనులు. జబ్బు మొదట్నుంచీ వచ్చిపోతూ ఉండేది. పాత చట్టం ఉన్న రోజుల్లో శివప్రసాద్ ఆయన్ని రెండుసార్లు ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాడు. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి తమ్ముడే దిక్కు.

శివప్రసాద్ నన్ను చూడగానే మండిపడ్డాడు. "మీ చట్టం వచ్చాకే ఈ తిప్పలన్నీ మేడం. చేర్చుకోండి బాబూ అని కాళ్ళరిగేలా తిరిగాను. ఆయన ఒప్పుకోవాలంటారు, లేదా ప్రమాదం చూపించమంటారు. లారీ కింద పడ్డాక చూపించాలా ఏంటి?" అన్నాడు. ఆ మాట ఊరికే అనలేదు. జబ్బు ముదిరాక భాస్కరరావు రోడ్డు మధ్యకు వెళ్ళి, చెయ్యెత్తి ట్రాఫిక్ ఆపేవాడు. ఇంకే ఊళ్ళోనైనా తిట్టి పక్కకు లాగేవాళ్ళు. ఇక్కడ షూటింగ్ అనుకుని బళ్ళు ఆగేవి. హీరో ఎక్కడున్నాడా అని జనం ఫోన్లు తీసేవాళ్ళు. షేక్‌పేట ఫ్లైఓవర్ దిగేచోట ఒకరోజు నీళ్ళ ట్యాంకర్ మాత్రం ఆగలేదు. కాలు విరిగింది. ఆస్పత్రి నుంచి తెచ్చాక శివప్రసాద్ అన్నను కారవాన్‌లో పెట్టి తాళం వేశాడు. "షాట్ ఇంకా రెడీ కాలేదు అన్నయ్యా, కూర్చో" అన్నాడు. ఆయన కూర్చున్నాడు. అప్పటికి రెండో వేసవి నడుస్తోంది.

తాళం తీయించి లోపలికి వెళ్ళాను. లోపలంతా చీము వాసన. ఏసీ నడవాలంటే జనరేటర్ వేయాలి, దాన్ని పూటకు కాసేపే వేసేవాళ్ళు. మిగతా వేళంతా రేకు డబ్బాలో ఉడికినట్టే. మనిషి మాత్రం చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, అద్దం ముందు బుద్ధిగా కూర్చున్నాడు. కాలు వంకరగా అతుక్కుంది. మడమ పుండులోంచి చీము కారుతోంది. మిమ్మల్ని ఇక్కడ ఎవరు బంధించారని అడిగాను. "బంధించడమేంటమ్మా? షాట్ కాల్ కోసం వెయిట్ చేస్తున్నాను," అన్నాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది. తమ్ముడి మీదో, చేర్చుకోని ఆస్పత్రుల మీదో, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

నర్సింహ నన్ను పక్కకు పిలిచాడు. "మేడం, షాట్ రెడీ అనుండ్రి, అయిపాయె. ఆయనే లేచొస్తడు. గింత దానికి జబర్దస్తీ ఎందుకు?" అన్నాడు. శివప్రసాద్ కూడా అదే చెప్పమన్నాడు. నేను కుదరదన్నాను. అబద్ధం చెప్పి మనుషుల్ని తరలించే పద్ధతి పోవాలనే కదా చట్టం మార్చుకున్నాం. ఆయన ఎదుట కూర్చుని, మీకు జబ్బు తిరగబెట్టింది, కాలికి వైద్యం కావాలి, ముందు మేజిస్ట్రేట్ దగ్గరికి, తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్తాం అని ఉన్నదున్నట్టు చెప్పాను. మర్యాదగా విన్నాడు. "షూటింగ్ వదిలేసి ఎలా వస్తానండీ? డైరెక్టర్ గారికి నా మొహం ఎలా చూపించాలి?" అన్నాడు. చాలాసేపు బతిమాలాను. చివరికి నలుగురు కానిస్టేబుళ్ళు ఆయన్ని ఎత్తుకున్నారు.

ఆయన అరుపులు సందంతా వినిపించాయి. మెట్టు అంచు తగిలి మడమ పుండు చిట్లింది, చొక్కా చిరిగింది. పెనుగులాటలో మూత్రం పోయింది. గోడల మీంచి జనం ఫోన్లలో తీస్తున్నారు. ఏ సినిమా అని ఒకాయన నన్నే అడిగాడు. ఆ రోజు నేను నిబంధన తప్పలేదు. ఇప్పటికీ దాన్ని తప్పనను. కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు.

పరీక్ష కోసం పది రోజుల వరకు ఉంచుకోవడానికి మేజిస్ట్రేట్ అనుమతిచ్చారు. ఆ తర్వాత ఇద్దరు నిపుణులు చూసి, తన బాగోగులు తాను చూసుకునే స్థితిలో లేడని తేల్చడంతో చట్టప్రకారం చేర్చుకున్నాం. మందులు పనిచేశాయి. పుండు మానింది. కాలు మాత్రం ఇక సరికాదని ఎముకల డాక్టర్ చెప్పేశాడు. వర్షాలు మొదలయ్యే వేళకు భాస్కరరావు తెప్పరిల్లాడు. కారవాన్‌లో ఎన్నాళ్ళున్నానని నన్నడిగాడు. చెప్పాను.

కొత్త చట్టం ప్రకారం, మనిషి బాగున్నప్పుడు రెండు పనులు చేసుకోవచ్చు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకోవచ్చు. మళ్ళీ జబ్బు చేస్తే తనకు వైద్యం ఎలా జరగాలో, ఎలా జరగకూడదో ముందే రాసిపెట్టుకోవచ్చు. రెండోదాన్ని ముందస్తు ఆదేశం అంటారు. ప్రతినిధిగా ఆయన తమ్ముడి పేరే చెప్పాడు. నేను నోరు తెరవబోతే, "ఇంకెవరున్నారండీ? తాళం వేసింది వాడే, అన్నం పెట్టిందీ వాడే," అన్నాడు. ఆదేశాన్ని స్క్రిప్టు రాసే పద్ధతిలో, ఎడమవైపు చేయాల్సింది, కుడివైపు అనాల్సింది వచ్చేలా కాగితాన్ని నిలువునా మడిచి రాశాడు. ఎడమవైపు: తలుపు రెండుసార్లు తట్టాలి. ఒంటి మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. కుడివైపు: షాట్ రెడీ సార్.

రోగి రాసుకున్న ఆదేశాన్ని మేం పాటించలేమనుకుంటే రివ్యూ బోర్డుకు వెళ్ళాలి. మా డాక్టర్ ద్వారా వెళ్ళాను. అబద్ధం చెప్పి తీసుకురమ్మనే ఆదేశం చెల్లుతుందా అన్నది నా సందేహం. బోర్డు అధ్యక్షులు రిటైర్డ్ జిల్లా జడ్జి. ఆయన నన్ను కాకుండా భాస్కరరావునే అడిగారు.

"ఆ రోజంతా నాకు గుర్తుందండీ. మేడం నిజమే చెప్పారు, కాదనను. కానీ అప్పుడు నిజం నా చెవికెక్కదు. తర్వాత మోసపోయానని ఏడుస్తానంటారా, అది నా ఏడుపు, నేను పడతాను. నలుగురు ఎత్తుకుపోతుంటే ఊరంతా చూసింది. అది మళ్ళీ పడలేను," అన్నాడు.

బోర్డు ఆదేశాన్ని ఆమోదించింది. ఆస్పత్రి గేటు దగ్గర మాత్రం నిజం చెప్పి తీరాలని ఒక షరతు చేర్చింది. భాస్కరరావు ఒప్పుకుని సంతకం పెట్టాడు. డిశ్చార్జ్ అయ్యాక తమ్ముడి ఇంట్లో ముందు గది ఇచ్చారు. కారవాన్‌ను శివప్రసాద్ పాత ఇనుముకు అమ్మేశాడు.

2024 ఆగస్టులో శివప్రసాద్ ఫోన్ చేశాడు. అన్నయ్యకు నిద్ర పట్టడం లేదని, రెండుసార్లు రోడ్డు మీదికి వెళ్ళబోయాడని చెప్పాడు. ఈసారి తాళం వేయలేదు, వంతులవారీగా కాపలా కాస్తున్నారు. అంబులెన్స్‌తో వెళ్ళాను. తలుపు రెండుసార్లు తట్టాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఎవరికీ చెప్పనని పట్టుబట్టిన అబద్ధం ఇక చెప్పాలి. "షాట్ రెడీ సార్" అన్నాను. చొక్కా సర్దుకుని, కుంటుకుంటూ వచ్చి డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. ఆస్పత్రి దగ్గరి మోతీనగర్ దాటేదాకా, పగటి లైటు పోకముందే వెళ్ళాలని డ్రైవర్‌ను తొందరపెడుతూనే ఉన్నాడు.

గేటు దగ్గర బండి ఆపించి, ఇది షూటింగ్ కాదు, ఆస్పత్రి అని చెప్పాను. మొహం తెల్లబోయింది. మోసం చేశారు కదమ్మా అన్నాడు. ఆదేశం కాగితం చేతికిచ్చాను. తన అక్షరాలను చాలాసేపు చూసుకున్నాడు.

"నేనే రాశానా?"

"మీరే రాశారు."

కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి నడిచాడు.

మరో రెండు నెలలకు నేను రిటైరయ్యాను. ఆ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. రోగిని ఎలా గౌరవించాలో చట్టంలో చదివి నాకు తెలుసనుకున్నాను. తెలిసింది నాకు కాదు, రోగికి. ఆయన్ని అడగాలి, అదీ ఆయన జవాబు చెప్పగల స్థితిలో ఉన్నప్పుడే అడగాలి. భాస్కరరావు జబ్బు మధ్య మధ్య తగ్గి, బాగున్న ఏళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ ఏళ్ళలో ఏ ఆస్పత్రీ, ఏ చట్టమూ, నాలాంటి ఏ ఉద్యోగీ ఆయన్ని ఆ మాట అడగలేదు. అడిగేసరికి ఆయన కాలు అవిటిదైపోయింది.