ప్రతి అధ్యక్షుడికీ ఒక మంచి పుస్తకం

ఆర్డిత్ లోమన్ ముప్ఫై ఒక్క ఏళ్ళు పల్లెదారుల్లో ఉత్తరాలు పంచింది. నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య కంకర రోడ్ల మీద, రోడ్డువార ఉత్తరాల పెట్టెలకు చెయ్యి అందేలా కుడివైపు స్టీరింగున్న జీపులో, రోజుకు డెబ్బై మైళ్ళు. ఎవరింటికి కోర్టు నోటీసు వచ్చిందో, ఎవరి కూతురు ఉత్తరం రాయడం మానేసిందో ఆమెకు తెలిసినంతగా పాస్టరుకు కూడా తెలియదు. తెలిసినా పెదవి విప్పేది కాదు. "మా అక్క కడుపులో పడ్డ మాట గాదెలో పడ్డ గింజ కాదు, బావిలో పడ్డ రాయి," అనేవాడు తమ్ముడు డెల్బర్ట్.

ఆమె అమెరికా అధ్యక్షుల జీవితచరిత్రలు చదవడం మొదలుపెట్టింది చదువు మీద మోజుతో కాదు. ఒక అక్టోబరు శుక్రవారం బడికి సెలవు. పదేళ్ళ కొడుకు డేల్ తనూ వస్తానని మారాం చేస్తే పక్కన కూర్చోబెట్టుకుంది. కోతకు వచ్చిన చేలు రెండువైపులా మనిషెత్తు దాటి నిలబడి ఉన్నాయి. కంకర రోడ్డుకు అడ్డంగా పోయే రైలుపట్టాల దగ్గర గేటు లేదు. ధాన్యం రైలు ఎడమవైపు నుంచి వచ్చింది. పిల్లవాడు కూర్చున్నదీ ఎడమవైపే. ఆర్డిత్‌కి మణికట్టు విరిగింది. అంతే.

మొగుడు రాయ్ ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ ఒక్క మాట అనకుండా ఉండడానికి మిగతా మాటలన్నీ మానుకున్నాడు. పదహారేళ్ళు అలాగే బతికి, ఒకరోజు పశువుల కొట్టం దగ్గర గుండె ఆగి పోయాడు. ఆర్డిత్ మాత్రం కట్టు విప్పిన వారానికే ఉద్యోగంలోకి వెళ్ళిపోయింది. దారి మార్చి ఇస్తామన్నా వద్దంది. అదే దారి, అదే పట్టాలు, పదవీ విరమణ చేసేదాకా.

డేల్ పోయిన మరుసటి వసంతంలో ఒక మధ్యాహ్నం వడగళ్ళు పడుతుంటే జీపు ఆపి ఊరి లైబ్రరీలోకి పరుగెత్తింది. తిరిగొచ్చిన పుస్తకాల బల్ల మీద ఫ్రాంక్లిన్ పియర్స్ అనే పాతకాలపు అధ్యక్షుడి జీవితచరిత్ర పడి ఉంది. వాన తెరిపిచ్చేదాకా చేతులకు పని కావాలని పేజీలు తిప్పింది. ఎన్నికలు గెలిచి, ఇంకా పదవి చేపట్టకముందు, పియర్స్ భార్యతోనూ పదకొండేళ్ళ కొడుకు బెన్నీతోనూ రైల్లో వెళ్తున్నాడు. పెట్టె పట్టాలు తప్పింది. తల్లిదండ్రులు బతికారు. వాళ్ళ కళ్ళ ముందే పిల్లవాడు పోయాడు.

ఆ సంగతి రెండు వాక్యాల్లో ఉంది. మూడో వాక్యంలో ఆయన వాషింగ్టన్ చేరుకుని మంత్రివర్గం కూర్చుకుంటున్నాడు.

వడగళ్ళు ఆగాయి. ఆర్డిత్ కదల్లేదు. చివరికి బల్ల వెనకున్న కోరిన్ వాషెక్‌ని అడిగింది. ఆ పిల్ల అప్పుడే కొత్తగా లైబ్రేరియన్‌గా చేరింది.

"ఈయన గురించి దీనికంటే బాగా రాసినవాళ్ళు లేరా?"

"పియర్స్ గురించా?" కోరిన్‌కి నవ్వొచ్చింది. "ఆయన గురించి చదివే మనిషిని చూడటం నాకిదే మొదలు. పెద్ద ఊళ్ళోంచి తెప్పించాలి."

"తెప్పించు."

అలా మొదలైంది. పియర్స్ మీద మూడు పుస్తకాలు వచ్చాయి. తర్వాత లింకన్. ఆయన కొడుకు విల్లీకీ పదకొండేళ్ళే, వైట్ హౌస్‌లోనే జ్వరంతో పోయాడు. తర్వాత కూలిడ్జ్. ఆయన పదహారేళ్ళ కొడుకు టెన్నిస్ ఆడితే కాలికి లేచిన బొబ్బ చీముపట్టి, అది రక్తానికెక్కి పోయాడు. తర్వాత ఎక్కడో ఆపడం చేతకాక మొదటినుంచి అందరినీ పట్టుకుంది. ఒక్కొక్కరి మీద మూడేసి, నాలుగేసి పుస్తకాలు తెప్పించేది. అన్నీ చదివేది కాదు. ఆ మనిషి బతుకులో అన్నిటికంటే చెడ్డరోజు ఏదో కనుక్కుని, అన్నిట్లోనూ ముందు ఆ పేజీ తీసేది. రాసినవాళ్ళలో ఒకడు దాటేసి పోయేవాడు. ఒకడు పేజీనిండా కన్నీళ్ళు కార్చేవాడు. నూటికొకడు ఆ గదిలోకి వెళ్ళి, గోడవారన నిలబడి, చూసింది చూసినట్టు చెప్పేవాడు. ఆ పుస్తకమే మొదటి పేజీనుంచి చదివేది.

డెల్బర్ట్‌కి ఇదంతా వేళాకోళం. "ఈ హారిసన్ అనేవాడు గద్దె మీద ఉన్నదే ఒక్క నెలటగా? నెలరోజుల వాడికి నాలుగొందల పేజీలేంటే అక్కా?"

"గద్దె ఎక్కకముందు అరవై ఎనిమిదేళ్ళు బతికాడురా. నువ్వు ఏ గద్దే ఎక్కకుండానే అరవై దాటావు. నీ మీద ఎన్ని పేజీలు రాయాలి?"

"నా మీదా? ఒక పోస్టుకార్డు. అదీ నువ్వే తెచ్చి పడెయ్యాలి."

ఆమె దారిలో ఈ సంగతి మనసుకు పట్టించుకున్నవాడు ఒక్కడే, ఎమిల్ హ్రుష్కా అనే ముసలి రైతు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఉత్తరాల పెట్టె దగ్గర కాచుకుని ఉండేవాడు. "ఈ వారం ఎవరు?" అనేవాడు. ఆమె చెప్పేది. "ఏ పుస్తకం మంచిది?" అనేవాడు. అదీ చెప్పేది. జీపు ఇంజను ఆపకుండా ఐదు నిమిషాలు, అంతే వాళ్ళ స్నేహం. ఆర్డిత్ పదవీ విరమణ చేసిన నాలుగేళ్ళకు ఎమిల్ పోయాడు. తన పొలం అమ్మి అందులో కొంత ఊరి లైబ్రరీకి ఇవ్వమని వీలునామాలో రాశాడు. దేనికంటే, ప్రతి అధ్యక్షుడికీ ఒక మంచి పుస్తకం కొనడానికి. కింద ఇంకో మాట: ఎంచవలసింది ఆర్డిత్ లోమన్.

లైబ్రరీ కమిటీ పెద్ద, విత్తనాల వ్యాపారి గేలెన్ ప్రూయిట్‌కి అది గొంతులో ముల్లయింది. "ఉత్తరాలు పంచిన మనిషి పుస్తకాలెంచడం ఏమిటి? ఒకే రంగు అట్టల సెట్టొకటి తెప్పిస్తే సరిపోయేదానికి!" అన్నాడు. కానీ వీలునామా వీలునామానే.

రెండేళ్ళు పట్టింది. నలభై ముగ్గురు మనుషులు. ఆ రెండేళ్ళూ ఆర్డిత్ జీవితంలో మంచిరోజులని కోరిన్ ఇప్పటికీ అంటుంది. పొద్దున్నే లైబ్రరీ తాళం తీసేసరికి ఆమె మెట్ల మీద ఉండేది. శీతాకాలం గురువారాలు కోరిన్ బడి వంటశాల నుంచి బీన్స్ వేసిన మాంసం కూర, దాల్చినచెక్క రొట్టె చుట్టలు తెచ్చేది. ఒకే గిన్నెలో ముంచుకు తింటూ ఇద్దరూ చచ్చిపోయిన అధ్యక్షుల మీద కొట్లాడుకునేవాళ్ళు. అందరూ తేలారు గానీ పియర్స్ తేలలేదు.

మిగిలినవి రెండు పుస్తకాలు. ఒకటి ఆకుపచ్చ అట్ట, ఒకటి బూడిదరంగు. ఆకుపచ్చ దాంట్లో బెన్నీ చావు పన్నెండు పేజీలు. చదువుతుంటే కోరిన్‌కే కళ్ళు చెమర్చాయి.

"ఇదే తీసుకో ఆర్డిత్. ఇంకేం కావాలి నీకు?"

"దీంట్లో పిల్లాడు పోయాడు కాబట్టి తర్వాత ఆయన చేసినవన్నీ మాఫీ. నెబ్రాస్కా చట్టం మీద సంతకం పెట్టి బానిసత్వానికి మళ్ళీ తలుపు తీశాడు. అటు కాన్సస్‌లో జనం ఒకళ్ళనొకళ్ళు నరుక్కున్నారు. ఈ రాసినాయన ఏమంటాడంటే, పాపం, కడుపుకోత, మనసు మనసులో లేదు అంటాడు."

"లేదేమో మరి."

"లేకపోవచ్చు. అయినా సంతకం పెట్టిన చెయ్యి ఎవరిది?"

కోరిన్ గిన్నె పక్కకు జరిపింది. "సరే, బూడిదరంగుది తీసుకో. అది ఏదీ మాఫీ చెయ్యదు," అంది.

"అందులో పిల్లాడికి రెండు వాక్యాలు."

"నీకు రెండూ ఎక్కడ దొరుకుతాయి తల్లీ? తప్పు తప్పని చెప్పాలి, పిల్లాడి కోసం ఏడవాలి. రెండూ ఒక్కడే ఎలా రాస్తాడు?"

ఆర్డిత్ తన వంకర తిరిగిన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుగా పక్కనున్న మనిషి ఏం అడుగుతోందో కోరిన్‌కి అప్పుడు అర్థమైంది.

చివరికి బూడిదరంగుదే షెల్ఫెక్కింది.

కిటికీ పక్కన ఓక్ చెక్క షెల్ఫు చేయించి, ఎమిల్ పేరు ఇత్తడి రేకు మీద చెక్కించారు. మొదటిరోజు కమిటీ కేకు కోసింది. గేలెన్ ప్రూయిట్ కూడా వచ్చి ఫొటో దిగాడు. ఆ తర్వాత రెండేళ్ళలో ఆ షెల్ఫు నుంచి ఇంటికెళ్ళిన పుస్తకాలు నాలుగు. రెండు ఆర్డిత్ తీసుకున్నవే. ఒకటి డెల్బర్ట్ తీసుకుని, అక్క కోసం నెలరోజులు మంచం పక్కన పెట్టుకుని, చదవకుండానే ఇచ్చేశాడు. నాలుగోది బడి పిల్ల ఒకతి తీసుకెళ్ళింది, బొమ్మల కోసం.

"చదువుతార్లే," అనేది కోరిన్. "పుస్తకానికి తొందరేముంది?"

పుస్తకానికి లేదు గానీ ఊరికి ఉంది. బడి మూసి పక్క ఊరి బడిలో కలిపారు. తర్వాత ఊళ్ళో కిరాణా కొట్టు పోయింది. లైబ్రరీ ఉంచాలా, పక్క ఊరి దాంట్లో కలపాలా అని ఓట్లు పెడితే, కలపాలన్న వాళ్ళే గెలిచారు. ఆ వారమంతా డెల్బర్ట్ అక్క ఇంటి వైపు రాలేదు. వచ్చినరోజు టోపీ తీయకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నేనూ కలపమనే వేశానే. నేను ఏడాదికొకసారి కూడా వెళ్ళను. నీకు అబద్ధం చెప్పలేక చెబుతున్నా."

"కాఫీ తాగుతావా?" అంది ఆర్డిత్.

అంతకంటే ఒక్క మాట కూడా అనలేదు. డెల్బర్ట్ ఆ కాఫీ తాగుతూ బావ రాయ్‌ని తలుచుకున్నాడు. ఆ ఇంట్లో మాట అనకపోవడమంటే ఏమిటో అతనికి తెలుసు.

పక్క ఊరి లైబ్రరీ వాళ్ళు వచ్చి తమకు కావలసినవి ఏరుకున్నారు. అధ్యక్షులు వాళ్ళకు అక్కర్లేదు, వాళ్ళ దగ్గర అప్పటికే ఉన్నారు. మిగిలిన పుస్తకాలు పెట్టెలకెత్తి అమ్మేశారు. ఎవరు కొన్నారో కోరిన్‌కి తెలియదు. అప్పటికి ఆమె హైవే పక్క చవక సరుకుల కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటోంది. ఆర్డిత్ అడగనూ లేదు.

మరుసటి ఏడు ఆమె డెబ్బై ఒకటో పుట్టినరోజుకి డెల్బర్ట్ బతిమాలి, హైవే మీద కొత్తగా తెరిచిన మాంసం హోటలుకి తీసుకెళ్ళాడు. పాతకాలపు ఇల్లులా ముస్తాబు చేశారు. గోడలకు జింక తలలు, పొయ్యి, పొయ్యికి అటూ ఇటూ పుస్తకాల అరలు. వాళ్ళ బల్ల పక్కనే ఎమిల్ షెల్ఫులోని పుస్తకాలు, అట్టల రంగుల వారీగా సర్ది ఉన్నాయి. ఎర్రవన్నీ ఒకచోట, నల్లవన్నీ ఒకచోట. వాషింగ్టన్ పక్కన కార్టర్.

డెల్బర్ట్‌కి ముఖం పాలిపోయింది. "నాకు తెలీదే. ఒట్టు. లే, పోదాం."

ఆర్డిత్ అప్పటికే లేచి బూడిదరంగు వరస దగ్గరికి వెళ్ళింది. పియర్స్‌ని లాగింది. రాలేదు. పక్కది లాగింది. అదీ రాలేదు. వడ్డించే పిల్ల పరుగున వచ్చింది.

"అవి రావండీ. వెనకనుంచి మరలు బిగించారు. జనం మీద పడకుండా."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ. ఊరికే అందానికండీ అవి." పిల్ల మంచిదే. ముసలావిడ ముఖం చూసి ఇంకో మాట కలిపింది. "మీకు చదువుకోడానికి ఏమైనా కావాలా? గుమ్మం దగ్గర వార్తాపత్రిక ఉంది."

డెల్బర్ట్ జేబులోంచి కత్తి తీశాడు. "జరుగు. ఇప్పుడే విప్పుతా. ఎవడాపుతాడో చూస్తా."

"కూర్చోరా," అంది ఆర్డిత్. "మర దిగిన పుస్తకం విప్పి ఏం చేస్తావు? పేజీ పేజీకీ కంతే. కూర్చో, మాంసం చల్లారిపోతుంది."

కూర్చున్నారు. ఆమె తన పళ్ళెంలోది మొత్తం తింది. వడ్డించే పిల్లలొచ్చి పుట్టినరోజు పాట పాడితే చివరిదాకా విని, థాంక్స్ చెప్పింది.

ఆ తర్వాత ఆమె పుస్తకం పట్టుకోగా ఎవరూ చూడలేదు. పొద్దున్న రేడియోలో ధాన్యం ధరలు వినేది. పొలం లేదు, అమ్మేదీ లేదు. అయినా వినేది. మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చునేది. డెల్బర్ట్ వచ్చి జోకులేస్తే, ఆలస్యంగా, వాడి కోసమన్నట్టు నవ్వేది.

ఒక ఫిబ్రవరిలో కోరిన్ ఫోన్ చేసింది. గొంతులో పాత హుషారు.

"ఆర్డిత్! మా కొట్టుకి ఒకావిడొచ్చింది, పక్క ఊరి బళ్ళో టీచరు. కూలిడ్జ్ మీద మంచి పుస్తకమేదో తెలియాలంట. నాకు రాసినవాళ్ళలో ఇద్దరి పేర్లు గుర్తున్నాయి గానీ, నువ్వు ఏది వద్దన్నావో ఏది ఉంచావో మర్చిపోయాను. ఆవిడ ఇక్కడే నిలబడుంది. చెప్పు."

ఆర్డిత్ రేడియో కట్టేసింది.

"ఏదైనా ఒకటేలే కోరిన్," అంది. "చేతికి దొరికింది తీసుకోమను."

"నువ్వేనా మాట్లాడుతోంది?"

"నేనే."

కోరిన్ ఇంకేదో అనబోయింది. గల్లాపెట్టె దగ్గర ఎవరో తొందరపెడుతున్నారు. ఆ సందడిలోనే టీచరు, "పర్లేదండీ, ఇంకోసారి వస్తాను," అనడం ఆర్డిత్‌కి వినిపించింది. ఆమె ఫోన్ పెట్టేసింది. మంచి పుస్తకం పేరు ఆమెకు గుర్తుంది. రాసినవాడి పేరూ, ఆ పిల్లవాడు పోయిన పేజీ కూడా గుర్తున్నాయి. తిరిగి ఫోన్ చెయ్యలేదు.