బొట్టు పెట్టిన ఫ్లాపీ

కంప్యూటరుకు బొట్టు పెట్టింది నేను కాదు. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ ఆ మిషన్ చెడిపోయింది నా వల్లేనని అనుకుంటారు. ఎనభైల చివర, చిత్తూరు దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో, చెరకు విభాగంలో, టైపు కొట్టే ఉద్యోగం నాది. ఫ్యాక్టరీ మొత్తానికి ఒకటే కంప్యూటరు. దానికి ఏసీ గది, పైన కప్పే గుడ్డ, గుమ్మం బయట చెప్పులు విడవడానికి ఒక గోనెపట్టా. మేనేజరు గారు కూడా బూట్లు విప్పి మేజోళ్లతోనే లోపలికి వచ్చేవారు. మా ఇంట్లో దేవుడి పటాలకు కూడా అంత మర్యాద లేదు.

ఆ పెట్టెలో ఉన్నది చెరకు రైతుల వరస. ఎవరు ఏ ఊళ్లో ఎంత నేలలో ఎప్పుడు చెరకు నాటారో ఎండాకాలమంతా కూర్చుని నేనే ఎక్కించాను. ముందు నాటినవాళ్ల చెరకు ముందు కొట్టాలి కాబట్టి చెరకు కొట్టమనే కటింగ్ ఆర్డరు వాళ్లకు ముందు పోవాలి. వినడానికి ఇంత సులువు. కానీ కంప్యూటరు రాకముందు ఈ వరస మా విభాగం సూపరింటెండెంటు చేతిలో ఉండేది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. ఆయనకు వేళకు కనిపించి, కావలసినవి అందించే రైతుల చెరకు పచ్చిగా ఉండగానే బండ్లెక్కేది. మిగతావాళ్లది నిలబడి ఉండేది.

మా నాయనది ఒక ఏడు అలాగే నిలబడిపోయింది. నేను అప్పుడు కాలేజీలో ఉన్నాను. నాయన వారం వారం బస్సెక్కి ఆఫీసుకు పోయి, గోడ పక్కన నిలబడి, తిరిగి వచ్చేవాడు. ఏమన్నారని అమ్మ అడిగితే వరసలో మన పేరే లేదంట అని చెప్పేవాడు. బెల్లం వండుకుందామంటే చుట్టుపక్కల గానుగలన్నీ వేరేవాళ్లు ముందే మాట్లాడుకున్నారు. బావి ఎండిపోయింది, చెరకు పూతకొచ్చింది, లోపల గుల్లబారింది. చివరికి నాయనే తోటకు అగ్గిపెట్టాడు. కాలిన చెరకు వాసన తియ్యగా ఉంటుంది. ఆ తర్వాత ఆయన కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండానే లేచిపోయేవాడు. మా అమ్మ ఎవరికీ చెప్పకుండా పురుగుల మందు డబ్బా తీసుకెళ్లి పక్కింటి అటక మీద దాచింది. తోటకు మందు కొట్టాల్సి వస్తే ఆ ఇంటికి పోయి అడిగి, తానే కొలిచి తెచ్చేది. మా ఇంట్లో భయం అలా ఉండేది.

నాకు ఈ ఉద్యోగం వచ్చాక నాయన మళ్లీ చెరకు నాటాడు. కంప్యూటరులో పేరు ఎక్కితే ఎవరూ తీసేయలేరని ఆయనకు చెప్పింది నేనే.

కొత్త సీజనుకు, ఈ వరస వేసే మా ప్రోగ్రాం మార్చారు. అది నడవాలంటే మిషనులోని డాస్ కూడా కొత్తది ఉండాలని కంప్యూటరు అమ్మిన మద్రాసు కంపెనీవాళ్లు అన్నారు. కరెంటు వేయగానే మిషనును లేపి నిలబెట్టేది ఆ డాసే, మిగతావన్నీ దాని వెనక నడుస్తాయి. అది ఒక ఫ్లాపీలో మద్రాసు బస్సులో వచ్చింది. సరిగ్గా ఆయుధ పూజ రోజు పొద్దున వచ్చింది.

కంప్యూటరు చూసుకునే మా సారు చిత్తూరు టౌను మనిషి, బీఎస్సీ చదివి మద్రాసులో ట్రైనింగయి వచ్చినవాడు. ఆ రోజు ఉన్న వివరాలన్నీ వేరే ఫ్లాపీల్లోకి కాపీ చేసుకుని, మర్నాడు డాస్ మార్చాలని ఆయన అనుకున్నాడు. కానీ ఆయుధ పూజ నాడు పనిముట్టును ముట్టుకోకూడదు. ఫ్యాక్టరీలో చెరకు పిండే పెద్ద పెద్ద రోలర్లే కడిగి, గంధం పూసి, అరటి పిలకలు కట్టించుకుని ఊరికే నిలబడి ఉంటే, కంప్యూటరుకు మాత్రం ఏమొచ్చింది? మేనేజరు గారు ఒప్పుకోలేదు. మానిటరుకు చేమంతి దండ వేశారు. కీబోర్డు మీద అక్షతలు చల్లారు. కొత్త ఫ్లాపీ కూడా కొత్త వస్తువే గనక, పూజ చేసే అయ్యవారు దాన్ని కవరులోంచి బయటికి తీసి, పళ్లెంలో పెట్టి, బొట్టు పెట్టి, పైన కుంకుమ పూజ చేశాడు. సారు పళ్లెం వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. నేను రెండు చేతులూ జోడించి దండం పెట్టుకున్నాను.

మర్నాడు విజయదశమి. సారు గుడ్డతో ఫ్లాపీని తుడిచి, ముందు పాత వివరాలు కాపీ చేసుకుందామని మళ్లీ అడిగాడు. మేనేజరు గారు గడియారం చూసుకుంటూ, దశమి పూట కొత్త పని మొదలుపెట్టే ముందు పాత పని ముట్టుకుంటే అచ్చిరాదన్నారు, ముహూర్తం దాటిపోతుందన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అదే సరైనదనిపించింది. మంచి ముహూర్తంలో మొదలుపెట్టిన పని చెడుతుందని అనుకునే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు.

సారు ఫ్లాపీ పెట్టాడు. మిషను గరగరమంది. కాసేపు నడిచి, మధ్యలో ఆగి, డిస్కు చదవలేకపోతున్నానని తెర మీద రాసింది. మళ్లీ అడిగితే మళ్లీ అదే రాసింది. సారు ఫ్లాపీ తీసి, మిషను ఆపి, మళ్లీ స్విచ్చి వేశాడు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలతో, కమాండులు నడిపే ఫైలు కనిపించడం లేదని ఒక్క వాక్యం వచ్చి అక్కడే నిలిచిపోయింది. పాత డాస్ సగం చెరిగిపోయింది, కొత్తది సగమే ఎక్కింది. కొత్త ఫ్లాపీతోనే లేపుదామని చూస్తే, ఇది సిస్టం డిస్కు కాదు, మార్చి ఏదో ఒక కీ నొక్కు అంది. సారు నొక్కాడు. అదే మాట. ఇంకో కీ నొక్కాడు. అదే మాట.

మేనేజరు గారు వెనక్కి జరిగి, నిన్న పూజలో మైల మనిషి ఎవరన్నా దీన్ని ముట్టుకున్నారా అని అడిగారు.

ఆ గదిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందరూ ఒక్కసారి నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు. నాకు ఒళ్లంతా మండింది. లేదని గట్టిగా చెప్పాలనుకున్నాను. చెబితే మాత్రం అంతమంది మగవాళ్ల ముందు ఏమని చెప్పను? ఆ కోపం కింద అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. నిజంగానే నా వల్ల ఏదైనా జరిగిందేమో, పూజలో నా మనసు ఎక్కడైనా తప్పు పోయిందేమో అని. అలాంటి మాట ఒకసారి చెవిన పడితే ఎంత చదువుకున్నా లోపల ఏదో ఒక మూల నమ్ముతుంది.

అందరూ వెళ్లాక సారూ నేనూ మిగిలాం. బీరువాలోంచి పాత డాస్ ఫ్లాపీ తీసి పెట్టాడు. అది పూజలో పెట్టినది కాదు, ఎన్నోసార్లు మిషనును లేపినది. అదీ చదవలేదు. సారు కుర్చీలో వెనక్కి వాలి, హార్డు డిస్కు కూడా పోయి ఉండవచ్చు అన్నాడు. ఎండాకాలమంతా నేను ఎక్కించిన కాగితాలు గుర్తొచ్చాయి. అవి ఎక్కించగానే తిరిగి సూపరింటెండెంటు గదికి వెళ్లిపోయాయి. ఆ గదిలోకి పోయిన కాగితం ఆయనకు ఇష్టమైతేనే బయటికి వస్తుంది. సీజను నెత్తి మీద ఉంది. నాకు నాయన గోడ పక్కన నిలబడడం కళ్ల ముందు కనబడింది, ఆ తర్వాత పక్కింటి అటక కనబడింది.

ఊరికే కూర్చోలేక కొత్త ఫ్లాపీ చేతిలోకి తీసుకున్నాను. దాని నల్ల తొడుగులో సందులాంటి కిటికీ ఒకటుంటుంది, లోపలి డిస్కు అక్కడ కనిపిస్తుంది. ఆ గోధుమరంగు డిస్కు మీద సన్నటి ఎర్ర గీత గుండ్రంగా తిరిగి ఉంది. సారు పైన తుడిచాడు గానీ కుంకుమ అప్పటికే సందులోంచి లోపలికి జారింది. పాత ఫ్లాపీ చూశాను. దాని మీద కూడా లేత ఎరుపు.

"సార్, కుంకం లోపలికి పోయింది," అన్నాను. "ఫ్లాపీలో గాదు, మిషన్లోనే ఉండాది."

సారు లేచి నిలబడ్డాడు. ఫ్లాపీని చదివే ముక్కకు కుంకుమ అంటుకుని ఉంటే, ఏ ఫ్లాపీ పెట్టినా అది చదవలేదు. హార్డు డిస్కు వేరే పెట్టె, మూత వేసి ఉంటుంది, దానిలోకి పోయే దారి లేదు. అయితే అది బతికే ఉందేమో అన్నాడు. ఏమో అన్న ఆ ఒక్క మాట పట్టుకుని నేను దూది, స్పిరిట్ తేవడానికి ఫ్యాక్టరీ ఆసుపత్రికి బయలుదేరాను.

వరండాలో సూపరింటెండెంటు ఎదురొచ్చాడు. తెల్ల పంచె, నుదుట కొత్త బొట్టు, చేతిలో పూజ ప్రసాదం. నిలబడి, నాకు కొంచెం శనగలు పెట్టి, నెమ్మదిగా అడిగాడు.

"ఏం పాపా, మిషను సచ్చిపోయిందంట గదా?"

సారు చూస్తున్నాడని చెప్పాను.

"సూడనీలే. లేకుంటే మాత్రం ఏంది? ఇన్నేండ్లు మేము సేతుల్తో రాసుకోలేదా." ఒక అడుగు వేసి ఆగాడు. "మీ నాయన కూడా ఈ ఏడు నాటినాడంట. బాగుండాడా?"

ఆయన గొంతులో కోపం లేదు, బెదిరింపు లేదు. ఊరివాళ్ల యోగక్షేమం అడిగినట్టే అడిగాడు. బాగుండాడని చెప్పి, ఆ శనగలు పిడికిట్లో పట్టుకునే ఆసుపత్రి దాకా నడిచాను. అక్కడ నర్సమ్మ ఎవరికి దెబ్బ తగిలిందని అడిగితే మిషనుకు అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, చిన్న సీసాలో స్పిరిట్ పోసి ఇచ్చింది.

నేను వచ్చేసరికి సారు మిషను మూత విప్పి ఉన్నాడు. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, లోపల మెల్లగా అద్దాడు. దూది ఎర్రగా వచ్చింది. దూది మార్చాడు, మళ్లీ ఎర్రగానే వచ్చింది. తర్వాత గులాబీ రంగులో, తర్వాత పసుపుగా. తెల్లగా వచ్చేదాకా నేను దూది తీసి ఇస్తూనే ఉన్నాను. కుంకుమ అంటిన రెండు ఫ్లాపీలనూ పక్కన పడేసి, పాత డాస్ ఇంకో కాపీ ఉంటే అది పెట్టాడు. స్విచ్చి నన్ను వేయమన్నాడు. ఆ మైల మాట తర్వాత నా చెయ్యి మిషను మీద పడటమే మంచిదని ఆయన అనుకున్నాడేమో, నేను అడగలేదు.

గరగర శబ్దం వచ్చింది. ఆగింది. లేచినప్పుడల్లా అడిగినట్టే తెర మీద తేదీ అడిగింది. ఇద్దరం దానికి తేదీ చెప్పడం మరిచిపోయి అలా చూస్తూ ఉండిపోయాం. తర్వాత సారు హార్డు డిస్కులోకి వెళ్లి, అందులో ఏముందో చూపించమని టైపు చేశాడు. చెయ్యి చివరి కీ మీద పెట్టి నొక్కకుండా ఆగాడు. నొక్కితే గానీ తెలియదు, నొక్కకపోతే ఇంకా పోలేదు అనుకోవచ్చు. ఆ క్షణమంత భయం నా జన్మలో మళ్లీ పడలేదు. ఇప్పుడు మనవరాలి ఫోను అప్‌డేట్ అవుతూ తెర నల్లబడినా నా చెయ్యి గుండె మీదికే పోతుంది, ఆ పిల్ల నవ్వుతుంది.

సారు నొక్కాడు. ఊళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి పైకి జారిపోయాయి. అన్నీ ఉన్నాయి. నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను.

ముందు అన్నిటినీ ఫ్లాపీల్లోకి కాపీ చేశాం. తర్వాత పాత డాస్‌నే తిరిగి ఎక్కిస్తే మిషను తనంతట తాను లేచింది. కొత్తది ఇంకొకటి మద్రాసు నుంచి తెప్పించి, ఒక మామూలు బుధవారం, ముహూర్తం చూడకుండా మార్చాం. మేనేజరు గారు మాత్రం దిష్టి పోయింది అన్నారు. మైల మాట వెనక్కి తీసుకోలేదు, అది అప్పటికే మా ఊరిదాకా నడిచి వెళ్లింది.

వరస అచ్చయ్యాక మా ఊరి కాగితం చూశాను. నాయన పేరు చాలా కింద ఉంది. నాటాలా వద్దా అని భయపడి భయపడి అందరికంటే చివర నాటాడు మరి. సంక్రాంతి దాటినా మా వంతు రాదు. ఈ సంగతి ఆయనకు ఎలా చెప్పాలో తెలియక బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఇంటికి వెళ్లేసరికి ఆయన పశువుల కొట్టం దగ్గర ఉన్నాడు.

"నాయనా, మన పేరు ఉండాది. గానీ బాగా వెనక్కుండాది."

ఆయన చేతిలోని గడ్డి కింద పెట్టాడు.

"ఉండాది గదా అమ్మణ్ణీ," అన్నాడు. "యాడుంటే ఏమి."

ఆ రోజు అన్నం పూర్తిగా తిన్నాడు. అమ్మ చూసింది గానీ డబ్బా మాత్రం పక్కింట్లోనే ఉంచింది. సూపరింటెండెంటు ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు, చెరకు ఇంకా నేలలోనే ఉంది, ఆమెకు అంత తొందరగా నమ్మకం కుదరదు. శివరాత్రి దాటాక ఆర్డరు వచ్చింది. చెరకు కొట్టి, బండ్లకెత్తి, చివరి బండి ఊరి మలుపు దాటేదాకా అమ్మ గడపలో నిలబడింది. తర్వాత పక్కింటికి పోయి, పురుగుల మందు డబ్బా తెచ్చి, మా అటక మీద దాని చోట్లో పెట్టింది.