పొర ఊడింది, ఇక పొర్లండి

మంత్రాలయం పేరెత్తగానే తాత రెండు చేతులతో తల ఎందుకు పట్టుకుంటాడని ఫోన్లో అడిగారు కదా, పిల్లలూ. తలనొప్పి కాదు, నా భక్తి అంటే భయం. ఆ భక్తితో నేను ఆయన కంటికి తెచ్చిన ప్రళయం వినండి. కన్ను పోయేంత కాటుక సంగతి అందరికీ తెలుసు. కన్ను పోయేంత మొక్కును కనిపెట్టింది మాత్రం మీ అవ్వే.

అప్పుడు మాకు కర్నూలులో బట్టల అంగడి. సెల్‌ఫోన్లు కొత్తగా చేతికొచ్చిన రోజులు. తాత కంట్లో శుక్లం మొదలైందని డాక్టరు చెప్పాడు. శుక్లాన్ని మేం పొర అంటాం. నేను ఆగుతానా? "సామీ, ఈయన కంట్లో పొర ఊడితే నీ గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టిస్తా" అని మంత్రాలయం దిక్కు తిరిగి మొక్కేశాను. పొర్లేది ఆయన. మొక్కడానికి నాకేం నొప్పి?

కొన్నాళ్లకు అంగట్లో ఉండగానే తాత కంట్లో మెరుపులు మెరిశాయి, మసి నలుసులు రాలాయి. తెల్లారేసరికి కింది నుంచి నల్ల పరదా లేచింది. ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరు ఆయన కన్ను మూయించి, రెప్ప మీద చల్లటి జిగురు పూసి, గర్భిణులకు చేసేలాంటి స్కానింగే కంటికి పెట్టాడు.

"ఏమే, ఆడబిడ్డో మగబిడ్డో అడుగు" అన్నాడు తాత. మాట నవ్వులాటదే గాని, చెయ్యి నా కొంగు వదల్లేదు.

స్కానింగులో నల్లటి చెరువులాంటి కన్ను, అందులో ఊగుతున్న తెల్లటి తీగ.

"పొర ఊడొచ్చిందమ్మా. ఇంక ఒక్క పూట గూడా ఆగగూడదు. ఈడే కూర్చోండి, హైదరాబాదుకు ఫోన్ చేసొస్తా" అని డాక్టరు పక్క గదిలోకి వెళ్లాడు.

పొర ఊడింది. ఒక్క పూట ఆగకూడదు. నా చెవికెక్కింది ఈ రెండే. మొక్కు నిలవ ఉంచకూడదని డాక్టర్లకూ తెలుసే అని మురిసిపోయి, తాతను లేపుకొని పోయి మంత్రాలయం బస్సెక్కించాను.

కోడుమూరు దారిలో బస్సు కుంటి మేకలా ఎగిరెగిరి పడుతోంది.

"ఏమే, పొర ఊడితే బాగా కనపడల్ల గదా. నాకు కిటికీ సగమే కనపడతాంది."

"కొత్త చూపు గదా. నిదానంగా వస్తాది."

ఇంకో గుంట పడింది. "ఇప్పుడు ఆ సగం గూడా తగ్గతాంది."

నేను ఆయన రెప్ప పైకెత్తి చూడబోయాను. అప్పుడే సంచిలో సెల్లు మోగింది. డాక్టరు.

"యాడుండారమ్మా?"

"బస్సులో సార్. పొర ఊడిందంటిరి గదా, మొక్కు తీర్చేకి పోతాండాం."

"ఏం మొక్కు?"

"పొర్లుదండాలు."

"ఎవరు పొర్లేది?"

"ఆయనే."

"అమ్మా, ఊడింది శుక్లం కాదు. కన్ను వెనకాల అంటుకోని ఉండే పొర. గోడకు సున్నం పెచ్చు లేచినట్ల లేచింది. చూపంతా దాని మీదనే. నడిమధ్య ఇంగా అంటుకొనే ఉండాది, అది ఊడకముందే ఆపరేషన్ జరగల్ల. తల కుదపకుండా దింపండి."

నిండుకుండలా తాత తలను రెండు చేతులా పట్టుకొని దింపాను. ఎదురొచ్చిన కారును ఆపి వెనక్కి తిరిగాం. దారి పొడుగునా నేను ఆ తల వదల్లేదు. డాక్టరు చీటీతో ఆ రోజే హైదరాబాదు చేరాం. ఆపరేషన్ చేశారు, పొర అతికింది. చూపు నిలిచింది.

అతికిన పొర మళ్లీ లేవకుండా, తర్వాత కొన్నాళ్లు ముఖం నేలకేసి ఉండమన్నారు. పక్కన కూర్చుని నేను కళ్లొత్తుకుంటుంటే, తాత నేలతో మాట్లాడినట్టుగా అన్నాడు:

"నీ సామిని ఏమీ అనొద్దు. పొర ఊడల్లని అడిగితివి, ఊడగొట్టినాడు. ఏ పొరో నువ్వు చెప్తివా?"

ఆ క్షణమే చెంపలు వేసుకొని ఒట్టు పెట్టుకున్నాను. ఇక మీదట ఏ దేవుడికి మొక్కినా కన్ను కుడిదో ఎడమదో, పొర ముందుదో వెనకదో విడమరచి, డాక్టరుకు ఒకసారి వినిపించి మరీ మొక్కుతాను. పొర్లేది కూడా నేనే.

చివరిసారి చూపించుకోవడానికి పోయినప్పుడు కర్నూలు డాక్టరునే అడిగాను. "సారూ, ఒకటి ఊడితే చూపొస్తాది, ఇంగొకటి ఊడితే చూపు పోతాది. రెండింటికీ పొర అని పేరు పెట్టిందెవరు?"

ఆయన తాత కంట్లోకి లైటు వేసుకొని అలా చూస్తూనే ఉన్నాడు.