కర్టెను చూసి ఎంచుకున్న హోటళ్ళు

అందరూ సాంబారును బట్టి హోటల్ ఎంచుకుంటే మా నాన్న కర్టెనును బట్టి ఎంచుకునేవారు. ఆదివారం ఆరాధన ముగిసి చర్చి బయటికి వచ్చేసరికి పదకొండు దాటేది. ప్రభు భోజనం తీసుకునే ఆదివారాల్లో అమ్మ పొద్దున్న మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి ఆ పూట టిఫిన్ హోటల్లోనే. అప్పుడప్పుడే మా ఊళ్ళో ఉక్కు ఫ్యాక్టరీ పనుల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతున్నారు, వాళ్ళ వెనకే కొత్త హోటళ్ళూ వస్తున్నాయి. మా సరదా ఏమిటంటే వారానికో హోటల్.

ఎంపిక మాత్రం నాన్నదే. పోర్టులో గుమాస్తా కదా, సరుకు దిగే ముందు తనిఖీ చేసినట్టు ఒక్కరే లోపలికి వెళ్ళేవారు. అమ్మా నేనూ రోడ్డు మీద నిలబడేవాళ్ళం. ఓడలకెక్కించే ఇనుప ఖనిజం ధూళి గాలికి వచ్చి అమ్మ తెల్లచీర అంచున ఎర్రగా పట్టేది. నాన్న చూసేది ఒక్కటే, ఫ్యామిలీ రూము ఉందా, దాని కర్టెను కిందిదాకా ఉందా అని. పెసరట్టు ఎలా ఉంటుందో ఆయన అడిగినట్టు నాకు గుర్తులేదు.

ఫ్యామిలీ రూమంటే గది అనుకునేరు. ప్లైవుడ్ చెక్కలతో అడ్డం కట్టిన అర. హాల్లో తిరిగే ఫ్యాను గాలి అందులోకి రాదు. సర్వరు దగ్గి మరీ కర్టెను తీసేవాడు. ఆ కర్టెనుకు మాకంటే ముందు తిన్నవాళ్ళు చేతులు తుడుచుకున్న పసుపు మరకలు. ఆడవాళ్ళకు మర్యాద అని పేరు పెట్టి ఊపిరాడని చోట కూర్చోబెట్టడం ఎవరి తెలివో గాని, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా అమ్మ హైస్కూల్లో లెక్కల టీచరు. వారమంతా మగపిల్లల ముందు నిలబడి పాఠం చెప్పే మనిషికి ఆదివారం ఇడ్లీ తినడానికి చాటు కావలసివచ్చేది.

ఒక ఆదివారం డాబా గార్డెన్స్ దగ్గర ఒక హోటల్లో ఆ గదులన్నీ నిండిపోయాయి. నాన్న బయటికి వచ్చి, "కాళీ లేదు. ఇంకో దానికెల్దాం" అన్నారు.

అమ్మ కదల్లేదు. "నాకు కళ్ళు తిరుగుతన్నాయండీ. నాను ఇక్కడే తింతాను" అని నేరుగా హాల్లోకి నడిచి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. నేను పరుగున వెళ్ళి పక్కన కూర్చున్నాను.

నాన్న వచ్చి నిలబడే ఉన్నారు. "నలుగురూ సూత్తారే" అన్నారు మెల్లగా.

"సూడనీండి. తింతన్నానని సూత్తారు, అంతే కదా?"

ఆయన కూర్చున్నారు గాని వీపు కుర్చీకి ఆనించలేదు. అమ్మ పెసరట్టు ముక్క తుంచి, అల్లం చట్నీలో ముంచి, రోడ్డు మీద బస్సులు చూస్తూ నెమ్మదిగా నమిలింది. ఎవరో పెద్దమనిషి దాటిపోతూ "నమస్తే టీచర్" అన్నాడు. అమ్మ ఎడమచెయ్యి కాస్త ఎత్తి నవ్వింది. అంతకుమించి లోకం ఏమీ మునిగిపోలేదు. ఇంతలో సర్వరు వచ్చి గది ఖాళీ అయిందన్నాడు. నాన్న లేవబోయి, అమ్మ వంక చూసి మళ్ళీ కూర్చున్నారు. అమ్మ ఇంకో పెసరట్టు తెమ్మంది. ఆమె రెండోది అడగడం నేనెప్పుడూ చూడలేదు. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాక నాన్న అడిగారు, "ఆ గదుల్లో నీకు ఇబ్బందైతే ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?"

"మీరెప్పుడూ సర్వర్ని అడిగి వచ్చీవారు," అంది అమ్మ, "నన్ను అడగలేదు కదండీ."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాన్న ఏదో ఒకటి జవాబు చెప్పేవారే.