భాగ్య తల్లికి చెప్పలేని వాక్యం

ఈ ఉదయం టీ కొట్టు దగ్గర కన్నడ పేపరు విప్పగానే అచ్చుసిరా వాసన గుప్పుమంది. ఎక్కడో కాలేజీలో విద్యార్థుల ధర్నా, పక్కనే పెద్దమనుషుల ఖండన. నాగరత్నమ్మ మేడం గుర్తొచ్చి టీ చేదయింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, కర్ణాటకలోని చింతామణిలో ఆమె మా కాలేజీ చరిత్ర లెక్చరర్. పదో తరగతితో చదువు ఆపిన నేను అక్కడి గ్రంథాలయంలో పుస్తకాలు సర్దేవాణ్ణి. నేను నేర్చిందంతా ఆ బీరువాల మధ్య నేర్చిందేనని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. మేడం సాయంత్రాలు నా చేత పేపరు చదివించి, "ఇప్పుడు మీ అమ్మకు చెప్పినట్ల మన తెలుగులో చెప్పప్పా" అనేవారు. కన్నడలో దర్జాగా నడిచిన ఎన్నో వాక్యాలు అక్కడ కూలబడేవి.

ఒక వేసవిలో హాస్టల్ బోరు ఎండిపోయింది. భాగ్య అనే పిల్ల, మిగతా అమ్మాయిలు ఖాళీ బకెట్లతో గేటు ముందు కూర్చున్నారు. పోలీసులు వచ్చారు. తోపులాటలో ఆఫీసు కిటికీ అద్దం పగిలింది. ఎవరు పగలగొట్టారో ఎవరూ చూడలేదు. ప్రిన్సిపాల్ మాత్రం లెక్చరర్లను గ్రంథాలయంలోకి పిలిచి, పత్రికలకు పంపే కన్నడ ప్రకటన ముందు పెట్టారు. సంఘవిద్రోహ శక్తుల మాట విని భాగ్య, ఆమె స్నేహితురాళ్లు రాళ్లు రువ్వారని అందులో ఉంది. భాగ్య తల్లి వెంకటమ్మ డెయిరీలో పాలు పోసి, తమ ఊరు మండికల్ నుంచి నేరుగా వచ్చి బయట మెట్ల మీద కూర్చుని ఉంది.

"అందరూ చేస్తాండారు మేడమ్, మీరూ సంతకం చేయండి," అన్నారు ప్రిన్సిపాల్.

"చేస్తాను సార్. ముందు ఈ మాట ఆ తల్లికి తెలుగులో చెప్పండి. మీ ఇంట్లోనూ తెలుగే కదా."

ఆయన గుమ్మం దాకా వెళ్లారు. వెంకటమ్మ లేచి నిలబడింది. "ఏమి రాసినారప్పా మా బిడ్డ మీద?"

"ఏం లేదమ్మా... రవంత గలాటా, అంతే."

లోపల ఒక లెక్చరర్ నవ్వాడు. "పేపరు కన్నడంలో కదా మేడమ్, ఆయమ్మ యాడ చదవబోతాది!"

మేడం పెన్ను మూసేశారు.

మరునాడు విద్యార్థి నాయకులు మేడం సంతకం కోసం ఒక కరపత్రం తెచ్చారు. పోలీసులు భాగ్య చెయ్యి విరగ్గొట్టారని రాశారు.

"ఆ పిల్ల చెయ్యి బాగానే ఉండాది కదప్పా! ఇది వింటే వాళ్లమ్మ ఏమైపోతాది? నీళ్లు లేవని రాయండి, నేనూ సంతకం చేస్తాను."

"నీళ్లకు పేపర్లో జాగా ఇయ్యరు మేడమ్. భయమైతే భయమని చెప్పండి."

రెండూ అచ్చయ్యాయి, మేడం పేరు లేకుండా. మండికల్‌లో ఎవరో భాగ్య తల్లిదండ్రులకు రెండూ చదివి వినిపించారట. ఆ వారంలోనే తండ్రి వచ్చి భాగ్యను, ఆమె ట్రంకు పెట్టెను ఇంటికి తీసుకుపోయాడు. ఆ పిల్ల మళ్లీ కాలేజీ గేటు తొక్కలేదు.

భాగ్యను తిరిగి కాలేజీకి పంపమని అడగడానికి మేడం నన్ను వెంటబెట్టుకుని మండికల్ వెళ్లారు. వెంకటమ్మ మజ్జిగ ఇచ్చింది. ఖాళీ గ్లాసులు తీసుకుంటూ అంది, "మీరు సంతకం పెట్టలేదంట, మంచిదమ్మా. వాళ్లు రాసింది అబద్ధమని మాత్రం యాడా చెప్పలేదు కదా."

తిరుగు బస్సులో మేడం కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. "సంతకం చేయకుంటే చాలనుకున్నానప్పా," అన్నారు. ఆ తరువాత బదిలీ అయి వెళ్లేదాకా ఆ సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు ఇలాంటి ప్రకటనల మీద నన్నూ అప్పుడప్పుడు సంతకాలు అడుగుతుంటారు. అబద్ధమైతే చేయను. అంతటితో ఇంటికి రాలేను. నేను చూసింది నాలుగు వాక్యాల్లో రాసి, పత్రికాఫీసులో నా చేత్తో ఇచ్చి వస్తాను. చాలాసార్లు అది అచ్చు కాదు.