తొందరేం లేదమ్మా

ప్రభుత్వ చానల్లో రాజకీయ చర్చ నడిపే మా యాంకర్ దగ్గర నేను కెమెరామన్‌ని. ఎవరైనా తడబడితే, లైవ్‌లోనే "తొందరేం లేదు, చెప్పండి" అనేవారాయన.

గిద్దలూరులో తాగునీటి మీద చర్చ. ఇద్దరు నాయకులు అరుచుకుంటుంటే, ఆయన అర్ధవీడు నుంచి వచ్చిన, కూలి పని చేసుకునే ఒక పెద్దామెకు మైకిచ్చారు. ఆమెకు నోరు పెగల్లేదు. ఆమెను వదిలేయమని మా ఇయర్‌ఫోన్లలో ప్రొడ్యూసర్ కేకలు. ఆయన ఇయర్‌ఫోన్ తీసేసి, ఆమె పక్కన నేలమీద కూర్చున్నారు. "తొందరేం లేదమ్మా."

"ఏం చెప్పమంటావు నాయనా? ఫ్లోరైడు నీళ్లు తాగి మా ఆయనకు నడుము వంగిపోయింది. ఓట్లప్పుడు వీళ్లిద్దరూ మా ఇంటికొచ్చినారు. నీళ్లిస్తే ఒక్కరూ తాగలా."



మరుసటి వారం మా యాంకర్ని తప్పించి, ఆయన స్థానంలో ఇంకొకరిని పెట్టారు. బాధతో ఆయనకు ఫోన్ చేశాను. ఆయన తన సంగతి ఎత్తనే లేదు.

"ఆమె మాట్లాడినంతసేపూ కెమెరా ఆమె మీదే ఉంచావా?"

"కదపలేదు సార్" అన్నాను.