ముసుగు కింద వైర్లు

కొత్త మిషను వచ్చిన రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు. నాలుగు వైర్లు, ఓ చిన్న పెట్టె, లాప్‌టాప్, అంతే సరంజామా. ఆత్మకూరులో మా చర్చి పక్క గదిలో నేను కౌన్సెలింగ్ చేస్తాను. వాక్యం చదువుతాం, మాట్లాడుకుంటాం, ప్రార్థిస్తాం. వాటికి తోడు ఇప్పుడు న్యూరోఫీడ్‌బ్యాక్. వైర్ల చివర ఉన్న బిళ్లలను తలకు అంటిస్తే, అవి మెదడు అలలను అందుకుంటాయి. మెదడు నెమ్మదిస్తే లాప్‌టాప్‌లో వేణునాదం వస్తుంది, కలత పడితే ఆగిపోతుంది. మిషను తలలోకి ఏమీ పంపదు, అద్దంలాగా ఉన్నది చూపిస్తుంది.

పాస్టరైన మా ఆయనకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పానో!

"దయ్యాలను గూడా చూపిస్తాదా ఏంది?" అన్నాడు.

"ముందు మీకే పెడతా, తెలిసిపోతాది" అన్నాను.

మొదట వచ్చినామె ఉదయగిరి దగ్గర పల్లెటూరిది. మర్రిపాడు దారిలో భర్త నడిపే లారీ బోల్తా పడింది. ఆయన కోలుకుని మళ్లీ బండెక్కాడు, ఈమెకే నిద్ర కరువైంది. హారన్ వింటే చాలు, ఒళ్లంతా వణుకు. "నీకు విశ్వాసం చాలదు" అన్నారట సంఘంలో ఎవరో. ఆ మాటతో ఆమె చర్చికి రావడమే మానేసింది. అన్నదెవరో తెలిస్తే నాలుగు దులిపేసి ఉండేదాన్ని.

అలవాటుగా ముందు ప్రార్థన చేశాం. ఆమె కొంగు తలనిండా కప్పుకుంది. ఆమెన్ అన్నాక నేను బిళ్లలు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను. ఆమె ముసుగు తీస్తేగా!

"ఆమెన్ అన్నాం గదమ్మా."

"నోరు అనింది అమ్మగారూ, లోపల ఇంకా అయిపోలా. ప్రార్థనలో ముసుగెట్ట తీసేది?"

నాకు చిర్రెత్తింది. నేర్పినవాళ్లు ఈ ముసుగు సంగతి చెప్పలేదే! అంతలోనే తట్టింది. మిషనుకు కావలసింది తలే కానీ, ముసుగు తీయడం కాదు కదా. కొంగును కాస్త ఎత్తి పట్టుకోమన్నాను. అందులోకి నా తల దూర్చి, ఆమె జుట్టుకున్న కొబ్బరినూనె తుడుస్తూ, తడుముకుంటూ బిళ్లలు అంటించాను. ఇద్దరికీ నవ్వాగలేదు.

కాసేపటికి సన్నగా వేణువు పలికింది. నాకు పట్టరాని సంతోషం. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది. ఆమె ఉలిక్కిపడింది, వేణువు ఆగిపోయింది. ముసుగు కింద ఆమె పెదవులు మెల్లగా కదిలాయి. ఊపిరి నిదానించింది. వేణువు మళ్లీ మొదలైంది.

"వచ్చింది, తిరిగొచ్చింది!" అని అరిచాను.

ఆ రోజుతోనే నిద్ర పట్టేసిందని చెప్పను, ఇంకా చాలాసార్లు కూర్చోవాలి. కానీ ఆమె అడిగింది నిద్ర గురించి కాదు.

"హారన్‌కి అదిరింది నా మెదడేనా అమ్మగారూ? విశ్వాసం కాదు గదా?"

"కాదమ్మా. విశ్వాసం నీ దగ్గరే ఉండాది."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అయితే ఆదివారం చర్చికి వస్తా" అంటూ లేచి, వైర్లతో సహా గుమ్మం వైపు నడిచింది.